ఎర్ర ఎల్ పలకతో దివిసీమ దాకా

గుడివాడ నుంచి బందరు వెళ్ళి, అక్కణ్ణుంచి దివిసీమలో అవనిగడ్డ దాకా పోయి రావటాన్ని యాత్ర అంటే మా వూళ్ళో నవ్వుతారు. పొద్దున కాఫీ తాగి బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు యిల్లు చేరవచ్చు. ఏభై ఏళ్ళుగా యీ దారిలో బస్సు మీదా, రైల్లోనూ, స్కూటరు మీదా, కారులోనూ లెక్కలేనన్ని సార్లు తిరిగాను. అయినా మొన్న డిసెంబరులో చేసిన ప్రయాణం మాత్రం నాకు కొత్త. ఎందుకంటే యీసారి స్టీరింగు నా చేతిలో లేదు. పద్ధెనిమిదేళ్ళు నిండి ఆరు నెలలైన మా మనవరాలి చేతిలో వుంది. కారు ముందొకటి, వెనకొకటి తెల్ల పలకలు. వాటి మీద ఎర్రగా ఎల్ అక్షరం. నేను ఎడమ పక్కన కూర్చుని, బ్రేకు లేని చోట కాలు నొక్కుతూ, శ్రీరామరక్ష చదువుకుంటూ సాగిన ప్రయాణమది.

వెనక సీట్లో మా అమ్మాయి కొడుకు కూర్చున్నాడు. వాడు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. సెలవులకు వచ్చాడు. వాడికి పదిహేడేళ్ళు. మా మనవరాలు వాడి మేనమామ కూతురు, పైగా వాడికంటే పెద్దది. కాబట్టి వరసకు వదిన. "వదినా" అని పిలవమని మా యింటావిడ నేర్పితే, వాడు దాన్ని పేరనుకొని అక్షరం పొల్లుపోకుండా ప్రతి వాక్యం చివరా తగిలిస్తున్నాడు.

వాడికి వొక బాధ వుంది. వాళ్ళ రాష్ట్రంలో వాడికి లైసెన్సు వుంది. రోజూ బడికి కారు తోలుకుపోతాడట. ఇక్కడ మాత్రం పద్ధెనిమిది నిండందే కారు తాళం ముట్టుకోవటానికి వీల్లేదు. "నాకు లైసెన్సు వుంది, నేను వెనక సీటు. వదినకు లైసెన్సు లేదు, ముందు సీటు. యిదేం న్యాయం తాతయ్యా?" అన్నాడు.

"దానికీ లైసెన్సు వుందిరా. కాకపోతే నేర్చుకునే లైసెన్సు. అది నడవాలంటే పక్కన నాబోటి వాడుండాలి" అన్నాను కాస్త గర్వంగా.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. మా మనవరాలు చెయ్యి చాచి, "అయితే తాతయ్యా, మీ లైసెన్సు వొకసారి చూపించండి" అంది. చూపించాను. తిప్పి చూసింది. "గడువు దాటి రెండు నెలలైంది" అంది.

నిజమే. యాభై అయిదేళ్ళు దాటిన వాళ్ళకు లైసెన్సు అయిదేళ్ళకొకసారి కొత్త చేయించుకోవాలి. పూర్వం గడువు దాటినా ముప్ఫై రోజులు చెల్లేది. 2019 లో చట్టం మార్చినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. గడువు ముగిసిన నాటి నుంచీ అది వుత్త అట్టముక్కే. అంటే రెండు నెలలుగా బజారుకూ, గుడికీ, పెళ్ళిళ్ళకూ దర్జాగా కారు వేసుకు తిరిగిన పెద్దమనిషి చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడన్నమాట! నేర్చుకునే పిల్ల పక్కన కూర్చునేందుకు నాకే అర్హత లేదు. డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకొని, దరఖాస్తు పెట్టుకొని, కొత్తది చేతికి వచ్చేసరికి పది రోజులు పట్టింది. అందాకా ప్రయాణం వాయిదా. మా యింటావిడ మాత్రం చాలా సంతోషించింది. "పిల్లలకు నీతులు చెప్పే ముందు జేబు తడుముకోవాలి" అంది.

అలా ధనుర్మాసం మంచులో, వొక ఆదివారం ఉదయం ఏడు గంటలకు బయలుదేరాం.

పామర్రు మీదుగా వెళితే పెద్ద రోడ్డు. కానీ నేను గుడ్లవల్లేరు, కౌతవరం, పెడన మీదుగా రైలు పట్టాలకు తోడుగా పోయే పాత దారే పట్టించాను. మొదటిసారి దూరం వెళ్ళే పిల్లకు లారీల రద్దీ తక్కువగా వుంటుందని నా వుద్దేశం. అది డ్రైవింగు స్కూల్లో మూడు వారాలు నేర్చుకుంది. ఊళ్ళో వీధులు తిరిగింది. డెల్టా రోడ్డు మాత్రం చూడలేదు.

డెల్టా రోడ్డు సంగతి పై వాళ్ళకు తెలియదు. అది చూడటానికి బల్లపరుపు. ఎత్తులేదు, పల్లంలేదు, చక్కగా సాగిపోతుంది. ఆ చక్కదనంలోనే మోసం వుంది. చాలాచోట్ల వొక పక్క కాలువ, రెండో పక్క చేను. నడుమ గట్టు మీద రోడ్డు. చక్రం జానెడు జరిగితే ఆగటానికి చోటుండదు. అందులోనూ యిది కోతల కాలం. రైతులు ధాన్యం తెచ్చి తారు రోడ్డు మీద సగం మేర ఆరబోస్తారు. గింజలు చెదరకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే, ధాన్యం మీదికి పోవాలా, రాళ్ళ మీదికి పోవాలా, ఆగిపోవాలా అన్నది రెండు క్షణాల్లో తేల్చుకోవాలి. ఏ పుస్తకంలోనూ యీ పాఠం వుండదు.

గుడ్లవల్లేరు దాటాక మాకు మొదటి పరీక్ష అదే వచ్చింది. ఎదుట ట్రాక్టరు, ఎడమ పక్క ధాన్యం. మా మనవరాలి చేతులు బిగుసుకున్నాయి. "ఆగు" అన్నాను. ఆగింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ధాన్యం తిరగేస్తున్న ముసలమ్మ వెనక పలక వైపు చూసి, "నేర్చుకుంటన్నావా అమ్మా? నిదానంగా పో" అంది. ఆ పలక అక్కడ చేసిన పని అది. ఎల్ అంటే ఏమిటో ఆవిడకు తెలియనక్కరలేదు. ఎర్ర అక్షరం వున్న బండి తడబడుతుందని తెలిస్తే చాలు.

ఆ పలకకూ కొలతలున్నాయి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పద్ధెనిమిది సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద, పది సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున ఎర్ర ఎల్ వుండాలి. ముందూ, వెనకా రెండూ కావాలి. నేర్చుకునే లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. పుచ్చుకున్న ముప్ఫై రోజులు నిండితే గాని అసలు పరీక్షకు వెళ్ళటానికి లేదు. ఆ లోపల నడిపితే, చెల్లుబాటయ్యే లైసెన్సు వున్న మనిషి పక్కన వుండాలి. ఊరికే వుంటే చాలదు. అవసరమైతే బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. అందుకే దారి పొడుగునా నా కుడిచెయ్యి చేతిబ్రేకు మీదే వుంది. మోటారు సైకిలు నేర్చుకునే వాళ్ళయితే వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఎక్కితే నేర్పే మనిషే ఎక్కాలి. యీ చివరి మాట మా ప్రాంతంలో ఎంతమందికి తెలుసో మరి!

దారిలో కాలువ మీద పాత లాకు వొకటి కనిపిస్తే కాసేపు ఆగాం. అమెరికా మనవడికి అదేమిటో తెలియలేదు. చెప్పాను. 1855 లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు నీళ్ళ కోసమే కాక పడవల కోసం కూడా తవ్వారు. ఎగువ నీటిమట్టం వేరు, దిగువ మట్టం వేరు. పడవను వొక్కసారిగా దింపితే బోల్తాపడుతుంది. అందుకని రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, వెనక తలుపు మూసి, నీళ్ళు మెల్లగా దించి, అవి దిగువ నీళ్ళతో సమానమయ్యాకే ముందు తలుపు తెరిచేవారు.

వాడు కొంచెం ఆలోచించి, "మా లైసెన్సు యిలాంటిదే తాతయ్యా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు వాళ్ళ పద్ధతి. కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్ళకు నేర్చుకునే పర్మిట్టు యిస్తారు. కనీసం ఆరు నెలలు అది పెట్టుకొని, పాతికేళ్ళు దాటిన లైసెన్సుదారు పక్కనుండగా యాభై గంటలు నడపాలి. అందులో పది గంటలు రాత్రిపూట. పదహారు నిండి పరీక్ష నెగ్గితే యిచ్చేది కూడా పూర్తి లైసెన్సు కాదు. మొదటి పన్నెండు నెలలూ రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా వొంటరిగా నడపకూడదు. పక్కన పెద్దవాళ్ళు లేకుండా యిరవై ఏళ్ళలోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. వాడి లైసెన్సుకు యింకా ఏడాది కాలేదు. కాబట్టి వాడు బడికి వొక్కడే పోతాడు. "మా ఫ్రెండు పక్కింట్లోనే వుంటాడు. వాడూ నేనూ వేరే వేరే కార్లలో వెళతాం, ఒకే బడికి" అన్నాడు.

మా మనవరాలు పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చట్టం రాసిన వాళ్ళకు కుర్రతనం సంగతి బాగా తెలుసు. వొక కుర్రాడు వొంటరిగా వుంటే వొక మనిషి. పక్కన నలుగురు చేరితే వాడు హీరో. ఆస్ట్రేలియాలో సిడ్నీ వున్న రాష్ట్రంలో కూడా యిలాంటి మెట్లే వున్నాయి. పాతికేళ్ళలోపు వాళ్ళు నూట యిరవై గంటలు నడిపిన లెక్క చూపించాలి. ఆ తరువాత మొదట ఎర్ర పీ అక్షరం, దాని తరువాత ఆకుపచ్చ పీ అక్షరం తగిలించుకొని తిరగాలి.

మన దగ్గరో? లాకుకు వొకటే తలుపు. పరీక్ష నెగ్గేదాకా పక్కన మనిషి లేకుండా కదలకూడదు. నెగ్గిన మరునాడు అర్ధరాత్రి కారు నిండా స్నేహితుల్ని ఎక్కించుకొని మంగినపూడి బీచికి పోయినా అడిగే నిబంధన లేదు. నిన్నటి దాకా ఎర్ర పలక, నేటి నుంచి రాజ్యమంతా మనదే. యీ సంగతి నాకు బందరు చేరేదాకా బుర్రలో తిరుగుతూనే వుంది.

పెడనలో రోడ్డు పక్కన కలంకారీ అద్దకం బట్టలు చూసుకుంటూ, చిలకలపూడి మీదుగా బందరు చేరేసరికి తొమ్మిది దాటింది. కోనేరు సెంటరు దగ్గర యిడ్లీ తిన్నాం. బందరు లడ్డు కట్టించాం. తొక్కుడు లడ్డు రుచి చూసి మా అమెరికా వాడు మాట్లాడటం మానేశాడు. అలా నిలుచుని వుండగా వొకే మోటారు సైకిలు మీద ముగ్గురు పిల్లలు సర్రున పోయారు. ముందు కూర్చున్న వాడికి మీసం యింకా రాలేదు. తలకు టోపీ సంగతి సరేసరి.

"వాడి వయసెంత తాతయ్యా?" అన్నాడు మనవడు.

"నీకంటే చిన్నవాడే."

"పోలీసు పట్టుకుంటే వాడికి టికెట్ యిస్తారా?"

"వాడికి కాదు, వాళ్ళ నాన్నకు."

అది వాడికి వింతగా తోచింది. కానీ 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు యిదే. మైనరు బండి నడిపి నేరం చేస్తే, అతని సంరక్షకుణ్ణి గాని, బండి యజమానిని గాని దోషిగా భావిస్తారు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి యిరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు యివ్వరు. తనకు తెలియకుండా జరిగిందనీ, ఆపటానికి చేయగలిగిందంతా చేశాననీ రుజువు చేసుకోవలసిన భారం తండ్రిదే. తాళం గుమ్మం పక్క మేకుకు వేలాడుతూ వుండగా ఆ రుజువు ఎలా చేస్తాడు? ఇక ప్రమాదమే జరిగితే, బీమా కంపెనీ దెబ్బ తిన్నవాళ్ళకు చెల్లించినా, ఆ సొమ్ము యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి.

మరి పదహారేళ్ళ వాళ్ళకు దారే లేదా అంటే, కాగితం మీద వుంది. యాభై సీసీ మించని మోటారు సైకిలు పదహారు నిండితే నడపవచ్చని చట్టంలో యిప్పటికీ వుంది. ఒకప్పుడు లూనాలు, టీవీఎస్ యాభైలు ఆ లెక్కకు సరిపోయేవి. నేడు పాలవాడి దగ్గర్నుంచి చేపల బుట్టలవాడి దాకా అందరూ వాడే ఎక్సెల్ బండి కూడా దాదాపు వంద సీసీ. అనుమతి మిగిలింది, బండి పోయింది. గంటకు యిరవై అయిదు కిలోమీటర్లు మించని, పావు కిలోవాటుకు లోపు శక్తి గల బ్యాటరీ బండ్లకు లైసెన్సే అక్కరలేదు. ఆ వేగంతో కుర్రకారుకు తృప్తి వుండదు గాక వుండదు.

బందరు నుంచి చల్లపల్లి రోడ్డెక్కాం. ఇది 216 నంబరు జాతీయ రహదారి. ఇక్కడ మా మనవరాలికి మూడో గేరు దాటి నాలుగో గేరు రుచి తెలిసింది. నాకు భయం రుచి తెలిసింది. చల్లపల్లి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క పూలచెట్లు పలకరించాయి. 2014 నుంచి ఆ వూరి కార్యకర్తలు తెల్లవారుజామున లేచి రోడ్లు వూడ్చి, మొక్కలు నాటి పెంచుతున్నారు. వూరిని అందంగా వుంచాలంటే సర్కారు కోసం ఎదురుచూడనక్కరలేదని తేల్చిన వాళ్ళు. చట్టం చేయని పని యిల్లు చేయవచ్చునన్న ఆలోచన నాకు మొదట తట్టింది అక్కడే కాబోలు.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి దర్శనం చేసుకున్నాం. గుడి బయట కొత్త మోటారు సైకిలుకు పూజ జరుగుతోంది. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. తండ్రి పక్కన నిలబడ్డాడు. సీటు మీద కూర్చున్న కొడుకు పదో తరగతి పాసయ్యాడట. "మార్కులు బాగా వచ్చినయ్యండి. మాటిచ్చాను" అన్నాడు తండ్రి, నేను అడక్కుండానే. ఆయన ముఖంలో వెలుగు చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. అనవలసింది. అనలేకపోయాను. ఎందుకు అనలేకపోయానో, నాకు ఆ హక్కు లేదని ఎందుకనిపించిందో, యిక దాచటం దేనికి, చెప్పేస్తాను.

పులిగడ్డ దగ్గర అక్విడక్టు వుంది. కింద నదీ పాయ, పైన కాలువ. దివిసీమ చేలకు నీళ్ళు నదిని దాటి వెళతాయి. అక్కణ్ణుంచి లోపలంతా కృష్ణ రెండు పాయల నడుమ, సముద్రం దాకా పరుచుకున్న నేల. 1977 నవంబరు 19 న వుప్పెన వచ్చి యీ నేల మీద పది వేలకు పైగా ప్రాణాలు తీసుకుపోయింది. అప్పుడు నాకు యిరవై ఏళ్ళు. గుడివాడలో ఆ రాత్రి విన్న గాలి హోరు యింకా చెవుల్లో వుంది. బందరు కూడా 1864 లో అలాగే మునిగింది. సుమారు 30,000 మంది పోయారు. అందుకే యిక్కడి వాళ్ళకు కరకట్ట విలువ తెలుసు. కట్ట కృష్ణమ్మకు శిక్ష అని ఎవరూ అనరు.

అవనిగడ్డలో మా చిన్నాన్న కొడుకున్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. వాణ్ణి చూడటానికే అసలు మా ప్రయాణం. వాడు ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. చేతికర్ర వుంటుంది. "చిన్నప్పుడు మోటారు సైకిలుకు గేదె అడ్డం వచ్చిందట" అన్నది మా వంశంలో అందరికీ తెలిసిన కథ. మా మనవరాలికీ తెలుసు.

వాడు వీధి గుమ్మంలోకి వచ్చి, ఎల్ పలక చూసి, కర్ర పోటేసుకుంటూ కారు చుట్టూ వొక ప్రదక్షిణం చేశాడు. వంగి, ఆ ఎర్ర అక్షరం మీద వేలు రాశాడు. "ఇదెంతరా అన్నయ్యా?" అన్నాడు.

"రెండూ కలిపి నలభై రూపాయలు" అన్నాను.

"అంతేనా?" అన్నాడు. మరేమీ అనలేదు. లోపలికి నడిచాడు.

భోజనాలయ్యాక, వాడు కునుకు తీస్తుండగా, పెరట్లో మామిడిచెట్టు కింద మా మనవరాలు అడిగింది: "తాతయ్యా, గేదె ఎటునుంచి వచ్చింది?" నిన్నటి దాకా ఆ పిల్ల యీ ప్రశ్న అడిగేది కాదు. ఆ పూట నాలుగు గంటలు స్టీరింగు పట్టుకున్నాక రోడ్డు మీద ఏది ఎటునుంచి వస్తుందో దానికి పట్టింపు వచ్చింది.

"గేదె రాలేదమ్మా" అన్నాను.

1973. నాకు పదహారు, వాడికి పద్నాలుగు. మా నాన్నగారి స్నేహితుడి మోటారు సైకిలు మా యింట్లో పెట్టి ఆయన వూరెళ్ళాడు. తాళం మేకుకు వుంది. అప్పటికి 1939 నాటి చట్టం అమల్లో వుంది. అందులోనూ పద్ధెనిమిదేళ్ళే. ఆ సంగతి నాకు తెలుసు. రెండో ఆట సినిమా చూసి, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకొని కాలువ గట్టు మీద పోనిచ్చాను. "యింకా, యింకా" అని వాడు వెనక నుంచి కేకలు. వాడు కేకేసిన కొద్దీ నేను పిడి తిప్పాను. వెన్నెల వుంది కదా అని దీపం ఆర్పేశాను; అదో సరదా. మలుపు కనిపించలేదు. నేను నీళ్ళలో పడ్డాను. వాడు లాకు రాతి మీద పడ్డాడు. పెద్దవాళ్ళు పరుగెత్తి వచ్చినప్పుడు గేదె అడ్డం వచ్చిందని చెప్పింది నేను కాదు. వాడు. పద్నాలుగేళ్ళవాడు, విరిగిన కాలు పట్టుకొని, నన్ను దెబ్బల నుంచి కాయటానికి చెప్పిన అబద్ధం అది. యాభై ఏళ్ళు దాని నీడన పెద్దమనిషిగా బతికాను.

పిల్లలిద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మనవడు అన్నాడు, నెమ్మదిగా: "రాత్రి. వెనక ఫ్రెండు. మా దగ్గర ఆ రెండే వద్దంటారు తాతయ్యా."

అవును. ఆ రెండే. మిగతా ప్రపంచం అంకెలు లెక్కవేసి కనుక్కున్నది, మా యింట్లో వొక కాలు ఖరీదుకు తెలిసింది. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు.

తిరుగు ప్రయాణం చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా. పామర్రు చేరేసరికి బాగా చీకటి పడింది. చీకటి పడితే నేను తోలాలని అనుకున్నాం. కారు పక్కకు ఆపి దిగబోతున్నాను. మనవడు వెనక నుంచి, "రాత్రి పది గంటలు నేర్చుకోకపోతే మాకు పరీక్షే లేదు తాతయ్యా. వదిన మీరు పక్కన వుండగా రాత్రి చూడకపోతే, మీరు లేనప్పుడు మొదటిసారి చూస్తుంది" అన్నాడు.

ఎదురు చెప్పటానికి నాకు మాట దొరకలేదు. తలుపు వేసుకొని మళ్ళీ కూర్చున్నాను. పామర్రు నుంచి గుడివాడ దాకా ఆ పిల్లే నడిపింది. ఎదుటి లారీ దీపాలు కళ్ళలో కొడితే ఎడమ అంచు తెల్లగీత చూడమన్నాను. దారి మధ్యలో గడ్డి ట్రాక్టరు, వెనక దీపం లేదు, మెరిసే బిళ్ళ కూడా లేదు. చీకట్లో చీకటి ముద్దలా వుంది. నాకంటే ముందు అదే చూసింది. వేగం తగ్గించి, వెనకే ఓపికగా నడిపి, దారి ఖాళీ అయ్యాక దాటింది. నా చెయ్యి చేతిబ్రేకు మీద వుంది గాని, దాన్ని లాగే పని పడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వొక ఒడంబడిక రాసుకున్నాం. రాసింది మా మనవరాలే. జనవరిలో పరీక్ష నెగ్గాక కూడా వొక ఏడాది పాటు రాత్రి తొమ్మిది దాటితే యింట్లో పెద్దవాళ్ళెవరో పక్కన వుండాలి. స్నేహితుల్ని ఎక్కించుకుంటే వొక్కరినే. కార్తీక పౌర్ణమికి మంగినపూడి వెళ్ళాలంటే బస్సే. వాళ్ళ నాన్న సంతకం చేశాడు. నన్నూ చేయమంది. చేయబోతూ చూస్తే చివర మరో షరతు: "తాతయ్య కళ్ళు ఏటా పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు వద్దన్న రోజున తాళం నాకిచ్చి ఎడమ సీట్లో కూర్చోవాలి."

కాసేపు తటపటాయించిన మాట నిజం. తరువాత సంతకం చేశాను. చట్టం లాకుకు వొక తలుపే పెట్టింది. రెండోది ఎవరింట్లో వాళ్ళు బిగించుకోవలసిందే. ఆ తలుపు పిల్లల వైపే కాదు, పెద్దల వైపు కూడా మూసుకునేలా వుంటేనే నీటిమట్టం సరిపోతుంది.

కారు తాళం యిప్పుడు గుమ్మం పక్క మేకుకు వేలాడటం లేదు. మా యింటావిడ పోపులపెట్టెలో దాస్తోంది. అడక్కుండా ఎవరమూ అందులో చెయ్యి పెట్టం.